అంటకయే వేడిమిని కొలుచుట

వేడిమిని తెలిసికొనుటకు మన యిండ్లలో రెండు పద్ధతులు అనాదిగా నున్నవి. బిడ్డకు జ్వరము వచ్చినదేమో యని తల్లి నొసటిపై అరచేయి వేసి చూచును. ఇది తాకి తెలిసికొనుట. కుంపటికి ప్రక్కగా చేయి చాపినంతనే నిప్పులు ఆరినవో రగులుచున్నవో ఆమెకు తెలియును. ఇది తాకక తెలిసికొనుట. వేడెక్కిన గాలి పైకి పోవునే కాని ప్రక్కకు రాదు. కావున అచ్చట చేతికి తగులునది గాలి కాదు. నిప్పుల నుండి తిన్నగా బయలుదేరి వచ్చు కిరణము. ఈ రెండవ పద్ధతినే చిన్న యంత్రముగా చేసి మన చేతికిచ్చినచో అదియే పరారుణ ఉష్ణమాపకము.

2020వ సంవత్సరమున కోవిడు మహమ్మారి వ్యాపించినపుడు కార్యాలయముల ద్వారములకడను, రైలు స్టేషనులలోను, దుకాణముల ముందరను పిస్తోలు ఆకారముగల ఈ యంత్రమును నొసటికి ఎదురుగా పట్టి మీట నొక్కుట మనలో చూడనివారు అరుదు. యంత్రము ఒక అంకెను చూపెను. ఆ అంకెను బట్టి కొందరిని లోనికి పంపిరి. కొందరిని వెనుకకు మరల్చిరి. మనుష్యుని రాకపోకలను నిర్ణయించిన ఆ అంకె ఎట్లు పుట్టినది? దానిని ఎంతవరకు నమ్మవచ్చును? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము చెప్పుటయే నా నేటి ఉద్దేశము. ముందుగా ఒక్కమాట మనవి చేసెదను. ఆ యంత్రము వేడిమిని నేరుగా కొలుచుట లేదు. తన కన్నులో పడిన కిరణమును కొలిచి, దానినుండి వేడిమిని లెక్కగట్టుచున్నది. ఈ భేదము జ్ఞాపకమున్నవారికి యంత్రము చక్కగా ఉపకరించును. మరచినవారిని అది నిర్దోషముగా పనిచేయుచునే మోసపుచ్చును.

పాదరసపు థర్మామీటరు సంగతి మొదట చూతము. అది ఎప్పుడును తన వేడిమినే చెప్పును. నాలుక క్రింద దానిని ఉంచినపుడు మన దేహమునుండి వేడి దానిలోనికి ప్రవహించి, క్రమముగా రెండును సమానమగును. అప్పుడు అది తన్నుగూర్చి చెప్పినదే మనకును వర్తించును. ఈ సమానత కలుగుటకు కొంత కాలము కావలెను. 1866వ సంవత్సర ప్రాంతమున థామస్ క్లిఫర్డ్ ఆల్బట్ అను ఆంగ్ల వైద్యుడు ఆరంగుళముల చిన్న థర్మామీటరును రూపొందించెను. అంతకుముందు వైద్యులు వాడిన సాధనము అడుగు పొడవుండి, రోగికడ సుమారు ఇరువది నిమిషములు ఉంచవలసి వచ్చెడిది. కాలము తగ్గినను తాకవలసిన అవసరము మాత్రము తప్పలేదు. తిరుగుచున్న చక్రమును, విద్యుత్తు ప్రవహించు తీగను, అంటువ్యాధి సోకిన రోగిని తాకక కొలువవలెనన్నచో ఈ పద్ధతి చాలదు. అచ్చట కిరణమే శరణ్యము.

ఆ కిరణమును మొదట పసికట్టినవాడు విలియం హెర్షెల్. ఇతడు జర్మనీలోని హానోవరునుండి ఇంగ్లండు చేరిన సంగీత విద్వాంసుడు. పిమ్మట జ్యోతిశ్శాస్త్రజ్ఞుడై 1781లో యురేనసు గ్రహమును కనుగొనెను. 1800వ సంవత్సరమున ఇతడు సూర్యకాంతిని గాజుపట్టకముగుండ పంపి, రంగులుగా విడదీసి, ఏ రంగున ఎంత వేడి యున్నదో థర్మామీటరులతో పరీక్షించెను. వేడిని బాగుగా గ్రహించుటకై వాని బుడ్లకు నల్లరంగు పూసెను. ఊదారంగున పాదరసము 2 ఫారన్‌హీటు డిగ్రీలు, ఆకుపచ్చ రంగున 3 డిగ్రీలకు కొంచెము ఎక్కువ, ఎరుపున దాదాపు 7 డిగ్రీలు పెరిగెను. ఎరుపు ముగిసిన చోటికి ఆవల, కంటికి ఏ వెలుగును కనబడని తావున థర్మామీటరు నుంచినపుడు పాదరసము ఇంకను పైకి ఎక్కెను. ఎరుపునకు ఆవలనున్నది గనుక ఈ కిరణమునకు పరారుణమని పేరు. కన్ను చూడలేని కాంతి యొకటి యున్నదని లోకమునకు తెలిసినది ఈ ప్రయోగము వలననే.

సూర్యునికి కిరణములున్నవనిన వింత లేదు. కాని మన దేహమును, గోడయు, కూజాలోని నీరును, తుదకు మంచుగడ్డయు నిరంతరము ఇట్టి కిరణములను వెదజల్లుచునే యున్నవి. వెచ్చదనము లవలేశమైనను గల ప్రతి వస్తువును ప్రకాశించుచున్నది. ఆ ప్రకాశము మన కంటికి గోచరింపదు, అంతియే. వస్తువు వేడెక్కుకొలది రెండు మార్పులు జరుగును. మొదటిది, కిరణముల బలము పెరుగును. రెండవది, వాని తరంగముల పొడవు తగ్గును. కమ్మరి కొలిమిలో ఇనుము మొదట నల్లగా నుండియే సెగ చిమ్మును, పిదప ఎరుపెక్కును, తరువాత పసుపు, తుదకు తెలుపు వన్నెకు తిరుగును. ఆ రెండు మార్పులను కమ్మరి తన కంటితోనే చూచుచున్నాడు.

కిరణబలము ఎంత పెరుగునో 1879లో ఆస్ట్రియా దేశీయుడు జోసెఫ్ స్టీఫాను ప్రయోగఫలములను బట్టి తెలిపెను. 1884లో అతని శిష్యుడు లుడ్విగ్ బోల్ట్స్‌మన్ దానిని సిద్ధాంతరీత్యా నిరూపించెను. సెంటిగ్రేడు డిగ్రీలకు 273 కలిపిన వచ్చునది నిరపేక్ష ఉష్ణోగ్రత. కిరణబలము ఆ నిరపేక్ష ఉష్ణోగ్రతయొక్క నాలుగవ ఘాతమును బట్టి పెరుగునని వారి సూత్రము. ఇకమీద నేను చెప్పు డిగ్రీలన్నియు సెంటిగ్రేడే యని గ్రహింపుడు. 34 డిగ్రీల వేడిగల చర్మము చదరపు మీటరునకు సుమారు 500 వాట్ల శక్తిని వెలువరించును. 27 డిగ్రీల గదిగోడ సుమారు 460 వాట్లు వెలువరించును. చర్మపు వేడి ఒక్క డిగ్రీ పెరిగినచో ఈ బలము నూటికి ఒకటింబావు పాలు మాత్రమే హెచ్చును. జ్వరమును పదింట ఒక డిగ్రీవరకు తెలుపవలసిన యంత్రము ఎంతటి సూక్ష్మభేదమును గుర్తింపవలెనో దీనివలన ఊహింపవచ్చును. వేయి పాళ్లలో ఒక పాలు పొరపడినను దాని మాట తేలిపోవును.

తరంగముల పొడవు సంగతి యిట్లున్నది. మీటరులో పదిలక్షవ వంతునకు మైక్రాను అని పేరు. సూర్యకిరణములు అర మైక్రాను ప్రాంతమున మిక్కిలి బలముగా నుండును. మన దేహకిరణములు 9 మైక్రానుల ప్రాంతమున బలముగా నుండును. 8 మొదలు 14 మైక్రానుల వరకుగల కిరణములను గాలి పెద్దగా అడ్డగింపదు. కనుక చేతితో పట్టుకొను ఉష్ణమాపకములు సాధారణముగా ఈ మేరలోని కిరణములనే చూచునట్లు నిర్మింపబడుచున్నవి.

ఇక యంత్రము లోపలికి పోదము. ముందుభాగమున కటకము కలదు. మామూలు గాజు ఈ కిరణములను లోనికి పోనీయదు గనుక జెర్మేనియము, సిలికాను, లేక ఒక విధమైన ప్లాస్టిక్కుతో కటకమును చేయుదురు. కటకము కిరణములను ఒకచోట చేర్చి, వెనుకనున్న మిక్కిలి చిన్న పలుకపై పడవేయును. ఈ పలుకయే యంత్రమునకు ప్రాణము. రెండు వేర్వేరు లోహముల తీగలను చివరల అతికి, ఒక అతుకును వేడిచేసి, రెండవదానిని చల్లగా నుంచినచో విద్యుత్తు పుట్టునని 1821లో థామస్ సీబెక్ కనుగొనెను. ఒక జత అతుకులు పుట్టించు విద్యుత్తు అత్యల్పము. కావున పెక్కు జతలను వరుసగా కలిపి, ఇటలీ దేశీయులు నోబిలీయు మెల్లోనీయు 1830 ప్రాంతమున ఒక సాధనమును చేసిరి. దానికి థర్మోపైలు అని పేరు. కొంత దూరమున నిలిచిన మనుష్యుని దేహపు వెచ్చదనమును అది పసిగట్టగలిగెను. నేటి యంత్రములోని పలుక ఆ థర్మోపైలునకు మునిమనుమరాలు. సిలికాను బిళ్లపై వెండ్రుకకంటె ఎంతో పలుచని పొరను తీర్చి, దానిమీద పదులకొలది అతుకులను అమర్తురు. కొన్ని అతుకులు పొరమీద నుండి కిరణము తగిలి వెచ్చబడును. వాని జతలు మందమైన అంచుమీద నుండి వెచ్చబడక నిలుచును. ఈ భేదమునుండి కొద్దిపాటి విద్యుత్పీడనము పుట్టును.

ఇచ్చట ఒక చిక్కు కలదు. పలుక సయితము వెచ్చని వస్తువే. అదియు ఎదుటి వస్తువువైపునకు తన కిరణములను పంపుచునే యుండును. కావున దానికి తెలియునది రాకకును పోకకును గల భేదమే. సంతలో అమ్మకమునకును కొనుబడికిని గల తేడా మాత్రమే చెప్పిన వర్తకుని మాటవంటిది ఇది. అసలు రాక ఎంతయో తెలియవలెనన్నచో పోక ఎంతయో తెలియవలెను. అందుకై పలుక ప్రక్కనే దాని స్వంతవేడిని కనిపెట్టు మరియొక చిన్న సాధనమును ఉంచుదురు. లోపలి గణనయంత్రము ఈ రెండు అంకెలను తీసికొని, స్టీఫాను సూత్రమువంటి లెక్కను క్షణములో కట్టి, ఫలమును పలుక వెనుకనున్న తెరపై చూపును. మీట నొక్కుటకును అంకె కనబడుటకును పట్టు కాలము ఒక క్షణమే. అందులో ఇంత వ్యవహారము జరిగినది.

ఇంతవరకు విన్నవారికి ఒక సంశయము తీరిపోయి యుండును. ఈ యంత్రము మనపై ఏ కిరణమును ప్రయోగించుట లేదు. మననుండి వచ్చుదానిని గ్రహించుచున్నది. 2020లో, నొసటికి గురిపెట్టు ఈ యంత్రము మెదడును చెరచునని ఒక వదంతి పుట్టి, కొందరు భయపడి ముంజేయి చాపిరి. కన్ను చూచినంత మాత్రమున చూడబడిన వస్తువు చెడునా? ఇదియు అట్టిదే. కర్మాగారములలో వాడు ఉష్ణమాపకములకు ఎర్రని లేజరు చుక్క కలదు, నిజమే. అది గురి తెలుపుటకే గాని కొలుచుటకు కాదు. దానిని మూసివేసినను కొలత ఆగదు. ఆ చుక్క కంటిలో పడిన మాత్రము హాని కలుగును గనుక అట్టి సాధనమును మనుష్యుల ముఖమువైపు త్రిప్పరాదు. జ్వరమును చూచుటకు వేరుగా చేసిన వానిని మాత్రమే వాడవలెను.

ఇప్పుడు యంత్రము మోసపుచ్చు తావులను చెప్పెదను. వీనిలో మొదటిది మెరుపు. 1804లో స్కాట్లండు దేశీయుడు జాన్ లెస్లీ ఒక లోహపు చతురస్రపు పాత్రను చేయించి, దాని ముఖములను వేర్వేరుగా తీర్చెను. ఒకదానికి మసి పూసెను. ఒకదానిని నునుపు చేసి మెరయించెను. లోపల వేడినీరు పోసినపుడు అన్ని ముఖములును ఒకే వేడిమి నందినవి. అయినను మసి పూసిన ముఖము చాల కిరణములను చిమ్మెను. మెరయు ముఖము బహు స్వల్పముగా చిమ్మెను. ఈ చిమ్ము శక్తికి ఉద్గారకత యని పేరు. పూర్ణమైన నలుపునకు అది 1. మనుష్యచర్మమునకు సుమారు 0.98, నీటికి సుమారు 0.96; చెక్క, ఇటుక, కాగితము, రంగు వేసిన గోడ, ఇవన్నియు 0.9 ప్రాంతమున నుండును. మెరయు అల్యూమినియమునకు 0.05 మాత్రమే. కంటికి తెలుపైనంతమాత్రమున ఈ కిరణమునకు తెలుపు కాదు. తెల్లని సున్నపుగోడయు దీని దృష్టిలో దాదాపు నలుపే. మనుష్యుల మేనిఛాయలలోని భేదమును ఈ ఉద్గారకత విషయమున లెక్కింపదగినది కాదు. నలుపు, చామనచాయ, తెలుపు అను భేదములు కంటికే గాని పదిమైక్రానుల కిరణమునకు లేవు.

సాధారణముగా యంత్రమును 0.95 ఉద్గారకతకు సరిదిద్ది అమ్ముదురు. దానిని మెరయు పాత్రపై త్రిప్పిన ఏమగునో చూడుడు. పొయ్యిమీద నీరు తెర్లుచున్న స్టీలుగిన్నె యున్నదనుకొందము. దాని వేడి 100 డిగ్రీలు, గది వేడి 30 డిగ్రీలు. గిన్నె ఉద్గారకత పదింట ఒక వంతని యెంచుడు. అప్పుడు యంత్రమునకు గిన్నెనుండి వచ్చు కిరణములలో సుమారు పదింట ఎనిమిది వంతులు గిన్నెవి కావు. గదిగోడలనుండి వచ్చి గిన్నెమీద పడి అద్దములోవలె తిరిగి వచ్చినవి. లెక్కకట్టి చూడగా యంత్రము సుమారు 40 డిగ్రీలని చెప్పును. ఆ మాటను నమ్మి గిన్నెను పట్టుకొన్న చేయి కాలును. తళతళ తోమిన ఇత్తడిబిందెను దగ్గరగా గురిపెట్టిన, బిందెవేడికంటె మన దేహపు వెచ్చదనమే ఎక్కువగా లెక్కకు రావచ్చును. ఎండలో మెరయు రేకుల కప్పును కొలిచినపుడు అది చల్లగా నున్నట్లు కనబడుట కలదు. నిర్మలాకాశము ఈ కిరణములకు అతిశీతలము. రేకు ఆ ఆకాశమును ప్రతిఫలించుచున్నది.

దీనికి విరుగుడు సులభము. మెరయు వస్తువుపై ఒకచోట నల్లని ఇన్సులేషను టేపు ముక్క నంటించియో, మెరుపులేని రంగు పూసియో, అది వస్తువుతో సమానముగా వేడెక్కువరకు ఆగి, ఆ తావునకే గురిపెట్టవలెను. టేపు కరగునంతటి వేడిగల వస్తువునకు రంగే మేలు. విద్యుత్తు ప్రవహించు భాగములపై ఏదియు అంటింపరాదు. మసిబారిన పెనమును, తుప్పుపట్టిన ఇనుమును, మట్టికుండను కొలుచుటకు ఈ శ్రమ అక్కర లేదు. పొయ్యిమీద మసిబారిన పాతగిన్నె తోమిన కొత్తగిన్నెకంటె నిజము చెప్పును.

రెండవ మోసము దూరమువలన కలుగును. యంత్రము చూచునది చుక్కను కాదు, ఒక వృత్తమును. దూరము పెరుగుకొలది చేతిదీపపు వెలుగువలె ఆ వృత్తము విస్తరించును. యంత్రముపై 12:1 అని వ్రాసియున్న, 12 సెంటీమీటర్ల దూరమున 1 సెంటీమీటరు వ్యాసముగల వృత్తమును చూచునని అర్థము. 60 సెంటీమీటర్ల దూరమున అది 5 సెంటీమీటర్లు. 3 మీటర్ల 60 సెంటీమీటర్ల దూరమున 30 సెంటీమీటర్లు. ఆ వృత్తములో పడినవాని అన్నింటి కిరణములును కలిసిపోయి, ఒక సగటు అంకెగా బయటకు వచ్చును. స్విచ్చిబోర్డులో రెండు సెంటీమీటర్ల తీగల అతుకు వదులై 90 డిగ్రీలకు కాగుచున్నదనుకొందము. నాలుగు మీటర్ల దూరమునుండి కొలిచిన పనివానికి చుట్టునున్న చల్లని పలకయే లెక్కకు వచ్చి, 35 డిగ్రీలని కనబడును. అతడు అంతయు క్షేమమని వెడలిపోవును. ఆ అతుకు అగ్నిప్రమాదమునకు కారణము కావచ్చును. కావున కొలువదలచిన వస్తువు ఆ వృత్తముకంటె రెట్టింపైనను ఉండునంత దగ్గరకు పోవలెను. పోవుట ప్రమాదకరమైనచోట 30:1, 50:1 వంటి నిష్పత్తిగల యంత్రమును తెచ్చుకొనవలెను. మరియొక సంగతి. లేజరు చుక్క కటకమునకు కొంచెము ప్రక్కనుండి వెలువడును గనుక, అతిదగ్గరగా పట్టినపుడు చుక్క పడిన తావును యంత్రము చూచు తావును ఒకటి కావు.

మూడవ మోసము అడ్డుతెర. కిటికీగాజునకు ఇవతలనుండి అవతలి వస్తువును కొలువలేము, వచ్చునది గాజువేడియే. ఆవిరి, పొగ, దుమ్ము ఇట్టివే. చల్లనిగదినుండి ఉక్కబోయు బయటికి తెచ్చిన యంత్రపు కటకముపై తేమ పేరుకొనును. అదియు ఒక తెరయే. మెత్తని గుడ్డతో తుడిచి, పది మొదలు ముప్పది నిమిషములు ఆ తావుననే ఉంచిన పిదప వాడవలెను. పలుక స్వంతవేడి స్థిరపడనిదే రాకపోకల లెక్క కుదరదని ముందే చెప్పితిని గదా.

ఈ మూడింటిని ఎరిగినవానికి యంత్రమును నడుపు క్రమము సులువుగా తెలియును. ముందు కటకము శుభ్రముగా నున్నదా యని చూడవలెను. కొలువబోవు వస్తువు మెరయునదా, మసకయా యని విచారించి, యంత్రమున ఉద్గారకతను మార్చు వీలున్నచో మార్చుకొనవలెను. వృత్తము వస్తువులో ఇముడునంత దగ్గరకు చేరవలెను. ఏటవాలుగా గాక ఎదురుగా గురిపెట్టవలెను. మీట నొక్కి, అంకె నిలుకడ చెందువరకు ఆగవలెను. ఒక్కసారి చూచి తృప్తిపడక మూడుమార్లు కొలువవలెను. సాధ్యమైనచోట ఒకదానితో ఒకదానిని పోల్చి చూచుట అన్నింటికంటె మేలు. రైల్వేలలో ఇరుసులకడ బేరింగు పెట్టెలను ఈ యంత్రముతో పరీక్షింతురు. ఒకే రకమైన పెట్టెల వరుసలో ఒక్కటి మాత్రము తక్కినవానికంటె మిక్కిలి వేడిగా కనబడినచో, అంకె కొంచెము అటునిటైనను లోపమెచ్చట నున్నదో బయటపడును. పోల్చుటలో యంత్రపు దోషము ఇరుప్రక్కలను సమానమై కొట్టివేయబడును.

ఇంటిలో యంత్రమును పరీక్షించుటకు మంచు చాలును. వెడల్పాటి పాత్రలో మంచును నలుగగొట్టి నింపి, కొంచెము నీరు పోసి, బాగుగా కలిపి, పైనుండి దగ్గరగా, నిలువుగా గురిపెట్టవలెను. కర్మాగారపు యంత్రము సున్న డిగ్రీలకు ఒకటి రెండు డిగ్రీల లోపల చూపినచో అది నమ్మదగినదే. తెర్లు నీటితో ఈ పరీక్ష చేయరాదు. ఆవిరి కటకమును కప్పును. జ్వరమును చూచు యంత్రములలో పెక్కింటికి ఈ పరీక్ష వర్తింపదు. వాని లెక్క వేరు.

ఆ లెక్కయే మన యిండ్లకు మిక్కిలి ముఖ్యమైనది. దేహము లోపల వేడి 37 డిగ్రీల ప్రాంతమున నుండగా నొసటి చర్మము సామాన్యమైన గదిలో 33 మొదలు 35 డిగ్రీల వరకే యుండును. యంత్రమునకు కనబడునది చర్మమే. తయారుచేసినవారు పలువురిని పరీక్షించి, చర్మపువేడికిని లోపలివేడికిని గల సగటు సంబంధమును లెక్కలో చేర్చి యుంతురు. కావున తెరపైన 36.8 అని కనబడినపుడు అది చూచిన అంకె కాదు. చూచినదానికి కొంత కలిపి ఊహించిన అంకె. కొన్ని యంత్రములకు దేహము, వస్తువు అని రెండు మార్గములు కలవు. వస్తుమార్గమున నుంచి బిడ్డ నొసటిని చూచి, 34 అని భయపడినవారును కలరు. దేహమార్గమున నుంచి పాలగిన్నెను కొలిచినచో అదియు వ్యర్థమే. ముందుగా ఏ మార్గమున నున్నదో చూచుకొనుడు.

ఈ ఊహ ఎప్పుడు తప్పును? నొసటిచర్మము తన అలవాటు తప్పినపుడు. ఎండలో నడచి వచ్చినవాని నొసలు కాగియుండును; జ్వరము లేకయే జ్వరమని తోచును. చెమట పట్టి ఫంకా క్రింద కూర్చున్నవాని నొసలు చల్లబడును. జ్వరముండియు లేనట్లు తోచును. చలితో వణకుచు జ్వరము పైకెక్కుచున్న సమయమున చర్మములోని రక్తనాళములు ముడుచుకొని నొసలు చల్లగానే యుండవచ్చును. ఇట్టి యంత్రములలో పెక్కు 40 డిగ్రీలకు లోబడిన తావులందే సరిగా పనిచేయునట్లు చేయబడినవి. మన కోస్తా మండువేసవిలో మిట్టమధ్యాహ్నము వీధిగుమ్మమున నిలిచి కొలిచిన అంకెకు విలువ లేదు. నీడపట్టున, గాలి తగులని తావున, రోగిని పావుగంట యైనను కూర్చుండబెట్టి, చెమటను తుడిచి, జుట్టును తలపాగాను తొలగించి, యంత్రముతో వచ్చిన కాగితముపై చెప్పిన దూరముననే పట్టి, నొసటిమధ్యమున కొలువవలెను. కొన్నింటికి ఆ దూరము మూడు నాలుగు సెంటీమీటర్లే. కొన్నింటికి 15 వరకు చెల్లును. ముంజేతిని కొలుచుట నొసటికి బదులు కాదు. ఆ లెక్క నొసటికై కట్టినది.

చెవిలో నుంచి చూచునవియు కలవు. అవి కర్ణభేరినుండి వచ్చు కిరణమును గ్రహించును. కర్ణభేరి లోపలి రక్తమునకు సమీపమున నున్నందున, సరిగా నుంచినచో ఆ అంకె నొసటి అంకెకంటె నమ్మదగినది. చెవినాళము వంకరగా నుండును గనుక చెవిని మెల్లగా లాగి దానిని సరళము చేయవలెను. గుమిలి దండిగా నున్న చెవిలో యంత్రము గుమిలినే కొలుచును.

2020లోని ద్వారపరీక్షలకు మరల వత్తము. ఆ పరీక్షలలో యంత్రము 38 డిగ్రీలను జ్వరపు హద్దుగా పట్టుకొని చెప్పినదే యనుకొందము. కోవిడు సోకినవారిలో జ్వరము లేనివారు పలువురుండిరి. జ్వరము తగ్గించు మాత్ర మ్రింగి వచ్చినవారు మరికొందరు. కాబట్టి యంత్రము సరిగా పనిచేసినచోటను వ్యాధి దాటిపోవుటకు అవకాశముండెను. అట్లే ఎండలో నడచివచ్చిన కూలివాడు యంత్రమునకు దోషియై వెనుదిరుగుటకును అవకాశముండెను. మొదటిది ఊరికి నష్టము. రెండవది ఆ కూలివాని దినవేతనమునకు నష్టము. హెచ్చు అంకె కనబడినవానిని వెంటనే త్రోసిపుచ్చక, నీడలో కొంతసేపు కూర్చుండబెట్టి, నోటిలో గాని చంకలో గాని ఉంచు థర్మామీటరుతో మరల చూచుట ధర్మము. అనుమానము కలిగించుటకు కిరణయంత్రము చాలును. తీర్పు చెప్పుటకు చాలదు.

ఇంటిలోను ఇదే మర్యాద. నడిరేయి నిద్రలోనున్న బిడ్డను లేపక, ఒక్క క్షణములో చూచుకొనుటకు ఈ యంత్రము తల్లికి గొప్ప ఉపకారి. ఉదయమునుండి సాయంకాలమువరకు వేడి ఎక్కుచున్నదా, దిగుచున్నదా యని పోల్చుకొనుటకును అది తగినదే. కాని బిడ్డ ఒళ్లు సోలిపోయి, పాలు త్రాగక, పిలిచిన పలుకకున్నపుడు తెరపైని 36.9ని చూచి ఊరడిల్లరాదు. మూడునెలలు నిండని పసికందుకు వేడి 38 డిగ్రీలకు చేరినచో, ఆలస్యము చేయక వైద్యుని కడకు తీసికొనిపోవలెను. అంత చిన్నబిడ్డ విషయమున నొసటి అంకెనొక్కదానినే నమ్ముట మంచిది కాదు.

ఈ యంత్రమును కొనువారు వెల చూచుటకు ముందు దానితో వచ్చిన కాగితమును చదువవలెను. దానిలో దూరపు నిష్పత్తియు, ఉద్గారకతయు, ఏ వేడిమి మొదలు ఏ వేడిమి వరకు కొలువగలదో, ఎట్టి తావులో పనిచేయునో, ఎన్ని డిగ్రీల తప్పునకు లోబడునో వ్రాసియుండును. ఆ నాలుగు పంక్తులు చదివిన గృహిణికి గిన్నెయొద్ద చేయి కాలదు. విద్యుత్తు పనివానికి వదులైన అతుకు దాగదు. గుమ్మముకడ యంత్రము పట్టి నిలిచినవాడు ఎండనబడి వచ్చిన మనుష్యుని చూచి, మీట నొక్కుటకు ముందు, నీడలోని బల్లను చూపి కూర్చుండుమనును.